మోటర్‌హోమ్ ట్యాంక్‌లో తాగే నీళ్ళు పాడవకుండా ఉంచుకోవడం ఎలా

మోటర్‌హోమ్, అంటే లోపలే వంటగదీ బాత్రూమూ ఉండే బండి, ఉన్నవాళ్ళలో చాలామంది ట్యాంక్ నీళ్ళు తాగరు, గిన్నెలకీ స్నానాలకీ వాడేసుకుని తాగడానికి మాత్రం బాటిల్స్ కొనుక్కుంటారు. ఆ భయం ఊరికే వచ్చింది కాదు, కానీ పద్ధతిగా చూస్కుంటే ఆ నీళ్ళు నిశ్చింతగా తాగొచ్చు. అయినా తాగకపోయినంత మాత్రాన తప్పించుకున్నట్టు కాదు కదా, పళ్ళు తోముకునేది ఆ నీళ్ళతోనే, కూరగాయలు కడిగేది ఆ నీళ్ళతోనే, పిల్లలు షవర్ కింద నిలబడి నోట్లో పట్టేది కూడా అవే. కాబట్టి తాగినా తాగకపోయినా ట్యాంక్ శుభ్రంగా ఉండాల్సిందే.

ముందు నీళ్ళు ఎందుకు పాడవుతాయో తెలిస్తే మిగతా పనంతా సులువు. చాలామంది అనుకునేది ఏంటంటే ఎక్కడో చెడ్డ నీళ్ళు పట్టాం, అందుకే ట్యాంక్ పాడైంది అని. అదీ జరుగుతుంది గానీ ఎక్కువసార్లు జరిగేది వేరే, మంచి నీళ్ళే లోపలికి వెళ్ళి లోపల పాడవుతాయి. కుళాయి నీళ్ళల్లో ఉండే క్లోరిన్ వాటిని కాపాడుతూ ఉంటుంది, ట్యాంక్‌లో పడ్డాక అది రోజురోజుకీ తగ్గిపోతుంది, వేడి ఎక్కువైతే ఇంకా తొందరగా పోతుంది. క్లోరిన్ పోయాక అక్కడక్కడ మిగిలిన బ్యాక్టీరియా ట్యాంక్ గోడలకీ పైపుల లోపలకీ అతుక్కుని పెరుగుతుంది, తనచుట్టూ ఒక జిగురు పొర కట్టుకుంటుంది. కొన్నాళ్ళు కడగని వాటర్ బాటిల్ లోపల వేలు పెడితే జారుడుగా తగులుతుంది చూడండి, అదే ఆ పొర, దీన్నే బయోఫిల్మ్ అంటారు. ఇది ఒకసారి పట్టిందంటే మీరు ఎన్నిసార్లు నీళ్ళు మార్చినా లాభం ఉండదు, కొత్త నీళ్ళు పోసిన మర్నాటికి మళ్ళీ అదే వాసన, ఎందుకంటే పాడైంది నీళ్ళు కాదు, గోడలూ పైపులూ. నీళ్ళు మార్చడం వేరు ట్యాంక్ కడగడం వేరు, ఈ తేడా పట్టుకుంటే సగం పని అయిపోయినట్టే.

క్లోరిన్‌తో ట్యాంక్ మొత్తం కడగడం

దీన్ని షాక్ క్లోరినేషన్ అంటారు. కొత్త బండి కొన్నా, పాత బండి కొన్నా, చాన్నాళ్ళు నిలబెట్టిన బండి మళ్ళీ బయటికి తీసినా, నీళ్ళల్లో వాసనో రుచో మారినా ఇది చెయ్యాలి. రెగ్యులర్‌గా వాడే బండికి ఏడాదికి రెండుసార్లైనా చేస్తే మంచిది, బాగా వేడిగా ఉండే చోట్ల తిరిగేవాళ్ళు ఇంకా ఎక్కువసార్లు చేస్కోవాలి.

కావాల్సింది మామూలు లిక్విడ్ బ్లీచ్, అంటే సోడియం హైపోక్లోరైట్. లేబుల్ చదివి తీస్కోండి, సెంట్ కలిపినవి, జెల్‌లా చిక్కగా ఉండేవి, రంగు బట్టల కోసం అని రాసినవి అస్సలు వద్దు, వాటిల్లో తాగే నీళ్ళకి పనికిరాని వేరే కెమికల్స్ ఉంటాయి. బ్లీచ్ కూడా తాజాది అయ్యుండాలి, సీసా నిల్వ ఉన్నకొద్దీ బలం తగ్గిపోతుంది, ఎప్పటిదో తెలియని సీసా అయితే దాన్ని నేల తుడవడానికి వాడుకుని దీనికి కొత్తది తెచ్చుకోవడం మేలు.

లెక్క చాలా సులువు. మనకి కావాల్సిన బలం లీటరుకి 50 మిల్లీగ్రాముల క్లోరిన్, దీన్నే 50 పిపిఎం అంటారు. 5 శాతం బ్లీచ్ అయితే లీటరు నీళ్ళకి 1 మిల్లీలీటర్ పోస్తే సరిగ్గా అంతే వస్తుంది. అంటే 100 లీటర్ల ట్యాంక్‌కి 100 మిల్లీలీటర్లు, 150 లీటర్ల ట్యాంక్‌కి 150. సీసా మీద 6 శాతం అనో 8 శాతం అనో ఉంటే ఆ లెక్కన కొంచెం తగ్గించుకోండి. లిక్విడ్ దొరక్క బ్లీచింగ్ పౌడర్ వాడాల్సి వస్తే దాన్ని నేరుగా ట్యాంక్‌లో వెయ్యకండి, అందులో సున్నం ఉంటుంది, అది అడుగున పేరుకుని పంప్ జాలీలో ఇరుక్కుంటుంది. ముందు బకెట్‌లో కలిపి, తెల్లటి మడ్డి అడుగుకి దిగేదాకా ఉంచి, పైన తేట మాత్రమే తీస్కోవాలి. పౌడర్ బలం కూడా ఒక్కో ప్యాకెట్‌కి ఒక్కోలా ఉంటుంది, తడి తగిలితే ఇంకా పోతుంది, అందుకే నా ఓటు లిక్విడ్‌కే.

మొదలుపెట్టే ముందు వాటర్ హీటర్ ఆపేయండి, గ్యాస్ అయినా కరెంట్ అయినా. హీటర్ ఆన్‌లో ఉండగా నీళ్ళు ఖాళీ అయితే లోపలి ఎలిమెంట్ కాలిపోతుంది. నీళ్ళు చల్లారాక, ప్రెషర్ వదిలేశాకే దాని డ్రెయిన్ విప్పాలి, వేడి మీద విప్పితే మరిగే నీళ్ళు మీద పడతాయి. తర్వాత ఫిల్టర్ కార్ట్రిడ్జ్‌లన్నీ తీసి పక్కన పెట్టి, అవి కూర్చునే డబ్బాని, అంటే హౌసింగ్‌ని, ఖాళీగా మళ్ళీ బిగించండి. కార్బన్ ఫిల్టర్ ఉంచేస్తే అది క్లోరిన్ మొత్తాన్ని పీల్చేస్తుంది, దాని తర్వాత ఉన్న పైపులకి ఏమీ అందదు, మీరు కడిగినట్టే ఉంటుంది గానీ కుళాయి దగ్గర పైపులు అలాగే ఉండిపోతాయి. పంప్ ముందు చిన్న జాలీ ఒకటి ఉంటుంది, దాన్ని విప్పి కడగండి, చాలామందికి అది ఉందనే తెలీదు, అందులో ప్లాస్టిక్ పొట్టు, ఇసుక, జిగురు అన్నీ చేరి ఉంటాయి. ట్యాంక్ మీద చెయ్యి పట్టే మూత ఉంటే తెరిచి టార్చ్ వేసి చూడండి, గోడల మీద పొర కనిపిస్తే మెత్తటి బ్రష్‌తో రుద్దేయండి. గరుకు పీచు వద్దు, గీతలు పడితే ఆ గీతల్లోనే మళ్ళీ పాచి పడుతుంది. క్లోరిన్ మందంగా పట్టిన పొరలోకి అంత తొందరగా దిగదు, రుద్దడానికి వీలుంటే రుద్దాక క్లోరిన్ పెట్టడమే సరైన వరస.

ఇప్పుడు బ్లీచ్‌ని నేరుగా కాకుండా ఒక బకెట్ నీళ్ళల్లో కలిపి ట్యాంక్‌లో పోసి, పైదాకా నీళ్ళు నింపండి. పైదాకా అంటే పొంగి కారేదాకా, ఎందుకంటే ట్యాంక్ పైకప్పు, నీళ్ళు పోసే గొట్టం, గాలి పోయే గొట్టం, వీటికి కూడా క్లోరిన్ తగలాలి కదా. తర్వాత పంప్ ఆన్ చేసి ఒక్కో కుళాయి తిప్పండి, ముందు చన్నీళ్ళది, తర్వాత వేణ్ణీళ్ళది, ముక్కుకి క్లోరిన్ వాసన తగిలేదాకా వదిలి కట్టెయ్యండి. కిచెన్ సింక్, బాత్రూమ్ సింక్, షవర్, టాయిలెట్ ఫ్లష్, బండి బయట ఉండే షవర్, ఫ్రిజ్‌కి ఐస్ చేసే పైపు ఉంటే అదీ, ఒక్కటి కూడా వదలొద్దు. వదిలేసిన ఆ ఒక్క పైపులో మిగిలిన బ్యాక్టీరియా మళ్ళీ అన్నిటికీ పాకుతుంది. హీటర్‌లోకి క్లోరిన్ నీళ్ళు పంపొచ్చా లేదా అనేది హీటర్ చేసినవాళ్ళ మాన్యువల్ చూసి చెయ్యండి, కొన్ని హీటర్ల లోపలి లోహానికి ఇంత బలమైన క్లోరిన్ పడదు, అలాంటప్పుడు నీళ్ళు హీటర్‌లోకి పోకుండా పక్కదారి పట్టించే బైపాస్ వాల్వ్ తిప్పేసి హీటర్‌ని విడిగా కడుక్కోవాలి. స్టీల్ ట్యాంక్ ఉన్నవాళ్ళు కూడా ఇది చూస్కోవాలి, క్లోరిన్ ఎక్కువసేపు ఉంటే స్టీల్‌కి తుప్పు మచ్చలు పడతాయి.

అన్నీ నిండాక కనీసం 4 గంటలు అలా వదిలేయండి, రాత్రంతా ఉంచినా పర్వాలేదు. వీలైతే మధ్యలో బండి కాస్త దూరం నడిపితే నీళ్ళు అటూ ఇటూ ఊగి మూలలన్నిటికీ తగులుతాయి. టైమ్ అయ్యాక మొత్తం ఖాళీ చేసి, మంచి నీళ్ళు నింపి, అన్ని కుళాయిలూ వదిలి మళ్ళీ ఖాళీ చేసి, ఇలా క్లోరిన్ ఘాటు పోయేదాకా చెయ్యాలి, మామూలుగా రెండు మూడు సార్లు నింపితే పోతుంది. కుళాయి నీళ్ళల్లో వచ్చేంత చిన్న వాసన మిగిలితే కంగారు పడకండి. ఈ ఘాటు నీళ్ళని చెట్ల మొదట్లో గానీ చెరువు పక్కన గానీ వదలకండి, చేపలకి చాలా ప్రమాదం, మురుగునీళ్ళు వదలడానికి పెట్టిన చోటే వదలండి.

ఒక్క హెచ్చరిక, ఇది మాత్రం గట్టిగా చెప్తున్నా. బ్లీచ్‌లో వెనిగర్, నిమ్మ ఉప్పు, టాయిలెట్ క్లీనర్ లాంటి యాసిడ్ ఏదీ కలపకూడదు, విషపు క్లోరిన్ గ్యాస్ వస్తుంది, అమోనియా ఉన్న క్లీనర్ కలిసినా విషవాయువే. ట్యాంక్‌లో గారపట్టి ఉంటే సిట్రిక్ యాసిడ్ వాడొచ్చు, కానీ అది ఒక రోజు చేసి పూర్తిగా కడిగేసి, ఆ తర్వాతే క్లోరిన్ పని పెట్టుకోండి. మోటర్‌హోమ్ అంటే చిన్న గది, అందులో గ్యాస్ వస్తే తప్పించుకునే టైమ్ ఉండదు. కిటికీలు తెరిచి, చేతులకి గ్లోవ్స్ వేసుకునే చెయ్యండి.

నీళ్ళు పట్టేటప్పుడు

ట్యాంక్ ఎంత బాగా కడిగినా నీళ్ళు పట్టే పది నిమిషాల్లో మొత్తం చెడగొట్టుకోవచ్చు. తాగే నీళ్ళకి ఒక పైపు ఉండాలి, అది తాగే నీళ్ళకోసమే చేసిన ఫుడ్ గ్రేడ్ పైపు అయ్యుండాలి, తోట పైపులు ఎండలో కాలితే నీళ్ళకి రబ్బరు వాసన పట్టిస్తాయి, అందులోంచి ఏమేం దిగుతాయో ఎవరూ గ్యారంటీ ఇవ్వరు. టాయిలెట్ ట్యాంక్ కడుక్కునే పైపు వేరే రంగుది పెట్టుకుని వేరే అరలో పెట్టండి, రెండూ ఒకే డబ్బాలో చుట్టి పెడితే వేరు పైపులు కొన్న ప్రయోజనమే లేదు.

కుళాయి దగ్గరికి వెళ్ళాక తొందరపడి తగిలించెయ్యకండి, మీకన్నా ముందు వచ్చినవాళ్ళు అక్కడ ఏ పైపు తగిలించారో, టాయిలెట్ క్యాసెట్, అంటే టాయిలెట్ కింద ఉండే బయటికి తీసి ఖాళీ చేసే డబ్బా, అక్కడే కడిగారో తెలీదు. కుళాయి మూతిని పల్చటి బ్లీచ్ నీళ్ళు స్ప్రే చేసి తుడిచి, కాసేపు నీళ్ళు వదిలి, అప్పుడు పైపు తగిలించి పైపులోంచి కూడా కొంచెం నీళ్ళు కింద వదిలి, ఆ తర్వాతే ట్యాంక్‌లోకి పెట్టాలి. పైపు కొస నేల మీద పడిందంటే కడక్కుండా లోపల పెట్టొద్దు. పనయ్యాక నీళ్ళన్నీ వంపేసి రెండు కొసలూ ఒకదానికొకటి బిగించేస్తే దుమ్మూ పురుగులూ లోపలికి పోవు.

తాగే నీళ్ళు కాదు అని బోర్డు ఉన్న చోట ఎంత తేటగా కనిపించినా ట్యాంక్‌లో పట్టకండి. వేరే దారి లేక అనుమానం ఉన్న నీళ్ళు వాడాల్సి వస్తే వాటిని విడిగా క్యాన్‌లో పట్టుకుని మరిగించి వాడుకోండి, తెర్లుతూ 1 నిమిషం మరిగితే చాలు, 2000 మీటర్లకన్నా ఎత్తైన కొండల్లో అయితే 3 నిమిషాలు, అక్కడ నీళ్ళు తక్కువ వేడికే మరుగుతాయి కాబట్టి. మరిగించే వీలు లేకపోతే తేట నీళ్ళకి లీటరుకి 2 చుక్కల బ్లీచ్, అదే 5, 6 శాతం ఉండే మామూలు బ్లీచ్, కలిపి 30 నిమిషాలు ఆగాలి. మురికిగా ఉంటే ముందు గుడ్డలో వడకట్టాలి, మట్టి ఉన్న నీళ్ళల్లో క్లోరిన్ అంతా ఆ మట్టి మీదే ఖర్చైపోతుంది. ఇంకోటి, క్రిప్టోస్పోరిడియం అని ఒక పరాన్నజీవి ఉంటుంది, అది ఈ మోతాదు క్లోరిన్‌కి చావదు, వాగులూ చెరువుల నీళ్ళ దగ్గర మరిగించడమే నమ్మకం.

ఫిల్టర్ ఎక్కడ పెట్టాలి

ఇక్కడ చాలామంది అడిగేది ఏ ఫిల్టర్ కొనాలి అని, కానీ ఏది అనేదానికన్నా ఎక్కడ అనేదే ముఖ్యం. నీళ్ళు పట్టే పైపుకి కార్బన్ ఫిల్టర్ తగిలించి ట్యాంక్ నింపేవాళ్ళు ఎక్కువ, నీళ్ళు రుచిగా ఉంటాయి నిజమే, కానీ కార్బన్ క్లోరిన్‌ని తీసేస్తుంది. అంటే రోజుల తరబడి ట్యాంక్‌లో నిల్వ ఉండాల్సిన నీళ్ళకి ఉన్న ఒక్క కాపలా కూడా వాకిట్లోనే తీసేసి లోపలికి పంపుతున్నట్టు. నింపే వైపు మట్టీ ఇసకా ఆపే సెడిమెంట్ ఫిల్టర్ చాలు, 5 మైక్రాన్లది సరిపోతుంది, మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. కార్బన్‌ని కిచెన్ కుళాయి దగ్గర, నీళ్ళు గ్లాస్‌లో పడే ముందు పెట్టుకోండి, అప్పుడు ట్యాంక్‌లో క్లోరిన్ ఉంటుంది, మీ నోటికి మాత్రం దాని రుచి తెలీదు.

కార్బన్ ఫిల్టర్ బ్యాక్టీరియాని ఆపుతుందనుకోకండి, మామూలు కార్బన్ దానికి కాదు, పైగా పాతబడితే అందులోనే బ్యాక్టీరియా కాపురం పెడుతుంది. కంపెనీ చెప్పిన టైమ్‌కి మార్చెయ్యాలి, నీళ్ళు బానే వస్తున్నాయి కదా అని లాగించొద్దు. బ్యాక్టీరియా ఆగాలంటే 0.2 మైక్రాన్ల లాంటి సన్నటి ఫిల్టర్ కావాలి. యూవీ లైట్ పెట్టుకుంటే అదీ మంచిదే, కానీ నీళ్ళు తేటగా ఉంటేనే వెలుతురు సూక్ష్మజీవులకి తగులుతుంది, దాని ముందు సెడిమెంట్ ఫిల్టర్ ఉండాల్సిందే. పైగా యూవీ ఆ క్షణంలో ఆ నీళ్ళని మాత్రమే శుభ్రం చేస్తుంది, తర్వాత పైపులో జరిగేదానికి దానికి సంబంధం లేదు, కాబట్టి దాన్ని కూడా కుళాయికి దగ్గర్లోనే పెట్టాలి. వెండి అయాన్ల ద్రావణాలు అమ్ముతుంటారు, శుభ్రంగా ఉన్న నీళ్ళని నిల్వ ఉంచడానికి అవి కొంత సాయం చేస్తాయి, పాచి పట్టిన ట్యాంక్‌ని మాత్రం కడగవు, ఇది పోశాం కదా అని క్లోరిన్ పని మానెయ్యకండి.

రోజువారీ అలవాట్లు

నిల్వ ఉన్న నీళ్ళే శత్రువు. మంచి నీళ్ళు దొరికే దారిలో వెళ్తున్నప్పుడు ట్యాంక్ నిండా మోసుకుని తిరగడం కన్నా కావాల్సినంత పట్టుకుని తొందరగా వాడేసి మళ్ళీ తాజాగా పట్టుకోవడం మంచిది, 100 లీటర్లంటే 100 కిలోల బరువు, ఆ బరువూ తగ్గుతుంది. ఎండాకాలంలో రెండు మూడు రోజులకోసారి నీళ్ళు మారేలా చూస్కోండి, చల్లగా ఉన్నప్పుడు వారం దాకా పర్లేదు. ఎక్కువ రోజులు ఉంచాల్సి వస్తే క్లోరిన్ స్ట్రిప్స్ పెట్టుకోండి, చిన్న కాగితం ముక్క ముంచితే రంగు చూసి ఎంత ఉందో తెలుస్తుంది. లీటరుకి 0.2 నుంచి 0.5 మిల్లీగ్రాములు మిగిలి ఉంటే బాగున్నట్టు, సున్నా చూపిస్తే 100 లీటర్లకి 5 శాతం బ్లీచ్ 2 మిల్లీలీటర్లు, అంటే లీటరుకి 1 మిల్లీగ్రాము వచ్చేలా పోసి అరగంట ఆగి మళ్ళీ చూడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ తాగే నీళ్ళల్లో క్లోరిన్‌కి పెట్టిన పైహద్దు లీటరుకి 5 మిల్లీగ్రాములు, కాబట్టి ఇంత చిన్న మోతాదుకి భయపడక్కర్లేదు. అలాగని చేతికొచ్చినంత పోసెయ్యకండి, సూది లేని సిరంజితో కొలిచి పోస్తే తేడా రాదు.

ట్యాంక్ మీద ఎండ పడకుండా చూడండి. వెలుతురు దూరే తెల్ల ప్లాస్టిక్ ట్యాంక్ అయితే లోపల పచ్చగా నాచు పడుతుంది, నల్ల షీట్‌తో కప్పేస్తే ఆ గొడవ ఉండదు. గాలి గొట్టం కొసకి సన్న జాలీ ఉందో లేదో చూడండి, అది ఊడిపోతే చీమలూ సాలీళ్ళూ తిన్నగా తాగే నీళ్ళల్లోకే దిగుతాయి.

షవర్ గురించి ఒక మాట. లెజియొనెల్లా అనే బ్యాక్టీరియా నీళ్ళు తాగితే కాదు, షవర్‌లోంచి వచ్చే సన్నటి తుంపర పీలిస్తే ఊపిరితిత్తుల్లోకి వెళ్ళి న్యుమోనియా తెస్తుంది, పెద్దవాళ్ళకీ ఒంట్లో బాలేనివాళ్ళకీ ఇది ప్రాణాల మీదకి వస్తుంది. 25 నుంచి 45 డిగ్రీల మధ్య గోరువెచ్చటి నీళ్ళంటే దానికి చాలా ఇష్టం. అందుకే కరెంట్ ఆదా అని హీటర్‌ని గోరువెచ్చగా పెట్టి రోజంతా వదిలెయ్యొద్దు, 60 డిగ్రీల దాకా వేడి ఎక్కనిచ్చి, స్నానం చేసేటప్పుడు చన్నీళ్ళు కలుపుకోండి. కొన్నాళ్ళు వాడని షవర్ అయితే మీరు కింద నిలబడే ముందు తలుపేసి కొన్ని నిమిషాలు నీళ్ళు వదిలెయ్యండి. షవర్ తలని కూడా విప్పి అప్పుడప్పుడు గార కడగాలి.

వాసన వచ్చినప్పుడు ఎక్కడినుంచి వస్తుందో ముక్కుతోనే పట్టుకోవచ్చు. వేణ్ణీళ్ళల్లో మాత్రమే కుళ్ళిన కోడిగుడ్డు వాసన వస్తుందంటే ట్యాంక్ బానే ఉంది, తేడా హీటర్‌లో ఉంది. హీటర్ లోపల తుప్పు పట్టకుండా పెట్టే లోహపు కడ్డీ, అంటే యానోడ్ రాడ్, ముఖ్యంగా మెగ్నీషియంది, నీళ్ళల్లోని కొన్ని బ్యాక్టీరియాతో కలిసి ఆ గ్యాస్ పుట్టిస్తుంది, హీటర్ ఖాళీ చేసి అడుగున మడ్డి కడిగి రాడ్ చూసి మార్చుకోవాలి. రెండు కుళాయిల్లోనూ మురుగు వాసన వస్తే షాక్ క్లోరినేషన్ టైమ్ వచ్చినట్టు. ఒక్క సింక్ దగ్గరే వస్తే ముందు గ్లాస్‌లో నీళ్ళు పట్టుకుని పక్కకెళ్ళి వాసన చూడండి, చాలాసార్లు నీళ్ళు కాదు, కింద సింక్ గొట్టంలోంచి వస్తుంటుంది. కొత్త ట్యాంక్‌లో ప్లాస్టిక్ రుచి వస్తే గోరువెచ్చటి నీళ్ళల్లో వంటసోడా కలిపి ఒక రాత్రి ఉంచి కడిగేస్తే చాలావరకు తగ్గుతుంది.

బండి నిలబెట్టేటప్పుడు

కొన్ని వారాలు బండి తియ్యం అనుకుంటే ట్యాంక్‌లో నీళ్ళు ఉంచొద్దు. బండి కింద అన్నిటికన్నా పల్లంలో లో పాయింట్ డ్రెయిన్ అని వాల్వ్‌లు ఉంటాయి, అవి తెరిచి, అన్ని కుళాయిలూ తెరిచి, హీటర్ కూడా ఖాళీ చేసి, పంప్ కొద్దిసేపు నడిపి అందులో మిగిలింది కూడా బయటికి తోయండి, కాసిని సెకన్లు చాలు, ఎక్కువసేపు పొడిగా తిప్పితే పంప్ పాడవుతుంది. కుళాయిలు కొన్ని రోజులు తెరిచే ఉంచితే లోపల గాలి ఆడి ఆరుతుంది, ఎందుకంటే అడుగున చెంచాడు నీళ్ళు మిగిలినా పాచి పడుతుంది, మూతలు కూడా జాలీ వేసి తెరిచి ఉంచొచ్చు.

గడ్డకట్టే చలి ఉన్న చోట పైపుల్లో నీళ్ళు మిగిలితే పగిలిపోతాయి, అందుకని అక్కడివాళ్ళు పైపుల్లో యాంటీఫ్రీజ్ నింపుతారు. అది తాగే నీళ్ళ పైపులకోసం అమ్మే ప్రొపిలీన్ గ్లైకాల్ రకమే అయ్యుండాలి. ఇంజన్ రేడియేటర్‌లో పోసే ఎథిలీన్ గ్లైకాల్ విషం, అది పొరపాటున కూడా ఈ పైపుల దగ్గరికి రాకూడదు, రెండు డబ్బాలూ ఒకే అరలో పెట్టకండి.

ఫిల్టర్ కార్ట్రిడ్జ్‌లు తడిగా హౌసింగ్‌లోనే వదిలేస్తే లోపల బూజు పడుతుంది, తీసి పారేసి హౌసింగ్ కడిగి ఆరబెట్టండి. మళ్ళీ బండి తీసే రోజు ముందు షాక్ క్లోరినేషన్, తర్వాత రెండు మూడు సార్లు కడగడం, స్ట్రిప్‌తో చూడటం, అన్నీ అయ్యాకే కొత్త కార్ట్రిడ్జ్ బిగించండి. ముందే బిగిస్తే ఆ ఘాటు క్లోరిన్ అంతా పీల్చుకుని కొత్తది మొదటి రోజే సగం ఖర్చైపోతుంది.